తాళం నోట్లో గంధం

ఫ్యాక్టరీ గేటు దగ్గర పోలీసు జీపు అప్పటికే వచ్చి ఆగింది. లోపల తనిఖీ పూర్తి కాలేదు, సంతకాలు కాలేదు, నేరం ఎవరిదో తేలలేదు. జీపు మాత్రం సిద్ధం. దాన్ని చూడగానే నిరుపమా పట్టజోషికి ఒళ్లు మండింది.

ఎవరి కోసమయ్యా అని కానిస్టేబుల్ని అడిగింది. ఫోర్‌మన్ కోసమనీ, ఇన్‌స్పెక్టర్ గారి కాగితం చేతికి రాగానే ఎక్కించుకు రమ్మన్నారనీ అతను మొహమాటపడుతూ చెప్పాడు. వాడి తప్పేముంది, పైనుంచి చెప్పింది చేస్తాడు. నిరుపమ లోపలికి నడిచింది.

ఆ ఫోర్‌మన్ పేరు పీతబాస బారిక్. నిన్న అతని భార్య కుముదిని నిరుపమ ఇంటికొచ్చి, గుమ్మం దాటకుండా అక్కడే నిలబడి, వచ్చిన పని చెప్పింది. "సనాతన్‌ని మా ఆయన సొంత తమ్ముడిలా చూసుకున్నాడు దీదీ. మా ఇంట్లో వాడికి వేరే కంచం ఉంది. అలాంటివాణ్ని మిషన్‌లో పెట్టి స్విచ్ వేశాడంటున్నారు" అంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే నిరుపమను కదిలించింది. పదకొండేళ్లు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా చేసి, పైవాళ్లతో పొసగక ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు సొంతంగా ఇలాంటి కేసులు పట్టుకుంటున్న మనిషి ఆమె. జాలిపడి కేసు ఒప్పుకోవడం ఆమెకు అలవాటు లేదు. ఈసారి ఒప్పుకుంది.

కేసు బయటి నుంచి చూస్తే చాలా తేలిగ్గా ఉంది. రూర్కెలా రోడ్డు మీద కొలిముల లోపల పేర్చే ఇటుకలు చేసే ఈ ఫ్యాక్టరీకి యజమాని మార్కండ పాణిగ్రాహి. విశ్వకర్మ పూజ అయిన మర్నాడు ఉదయం సనాతన్ కిసాన్ అనే కూలీ మట్టి కలిపే పెద్ద మిక్సర్‌లోకి దిగి, అడుగున గట్టిపడ్డ మట్టిని గీకుతున్నాడు. ఎవరో స్విచ్ నొక్కారు. బయటకు తీసేసరికి అతనిలో ప్రాణం లేదు.

మిషన్‌లోకి మనిషి దిగితే ముందు స్విచ్ బాక్సుకి తాళం పడాలి, దాని తాళంచెవి ఆ పని చేయించేవాడి జేబులో ఉండాలి. అది నియమం. ప్రమాదం తర్వాత ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి, పీతబాస పేరు రాసిన ఎర్ర తాళం స్విచ్ బాక్సు కొండీకి నోరు తెరుచుకుని వేలాడుతోంది. దాని తాళంచెవి పీతబాస జేబులో దొరికింది. దానికి రెండో తాళంచెవి లేదు. తాళం వేసినవాడే తీశాడు, తీసినవాడే నొక్కాడు. పిల్లాడిక్కూడా అర్థమయ్యే లెక్క.

అంత తేలిగ్గా అర్థమయ్యే లెక్కలంటే నిరుపమకు మొదటి నుంచీ అనుమానం.

చట్టం ప్రకారం పనివాళ్ల ప్రాణాలకు పూచీ యజమానిదే. అయితే అందులో ఒక సందు ఉంది. తాను తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ, తనకు తెలియకుండా వేరేవాడు ఈ పని చేశాడనీ యజమాని రుజువు చేస్తే, శిక్ష ఆ వేరేవాడి మీదకు పోతుంది. పాణిగ్రాహి ఆ సందులోంచే దూరాడు. తాళాలు నేనిచ్చాను, నియమం నేను పెట్టాను, ఫోర్‌మన్ దాన్ని తప్పాడు అని పేరు పెట్టి ఫిర్యాదు రాసిచ్చాడు. ఈరోజు ఇన్‌స్పెక్టర్ దాన్ని ఒప్పుకుంటే పీతబాస జైలుకి, పాణిగ్రాహి ఇంటికి.

పీతబాస మిక్సర్ షెడ్డు బయట గోడవార కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల గడ్డం. నిరుపమను చూసి లేవబోతే కూర్చోమని సైగ చేసి, తనూ ఎదురుగా ఇటుకల మీద కూర్చుంది. ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమంది. తాళం సంగతి మరీ ముఖ్యంగా.

అతను చెప్పిందిది. పూజ రోజున పనిముట్లన్నీ ఆఫీసు పక్కన పూజగదిలో దేవుడి ముందు పెడతారు. తాళాలు కూడా. తాళంచెవులు మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే ఉంటాయి. మూసిన తాళం దేవుడి ముందు పెట్టకూడదు కాబట్టి అన్నీ తెరిచే పెడతారు. మర్నాడు సాయంత్రం విగ్రహం కదిలేదాకా అక్కడి ఒక్క వస్తువు కూడా ముట్టుకోకూడదు. అందుకని మాలిక్ పాణిగ్రాహి ఆ గదికి తాళం వేసుకుంటారు. ఏటా ఆ రోజు పని ఉండదు. ఈసారి మాత్రం సరుకు అర్జెంటని, ఇద్దరే ఇద్దరిని పొద్దున్నే రమ్మన్నారు. పీతబాస, సనాతన్.

"తాళం లేకుండా లోపలికి దిగొద్దని చెప్పా దీదీ. పైపైన అంచులు గీకుతూ ఉండు, నేను పోయి మాలిక్‌ని అడిగి తాళం తెస్తానని చెప్పా. ఆఫీసుకి పోయా. మాలిక్ గది ముందు నిలబడ్డా. పిలిచా, పలకలేదు. తలుపు తోయడానికి భయమేసింది. నిలబడే ఉన్నా. మిక్సర్ తిరుగుతున్న చప్పుడు అక్కడే విన్నా."

"వాడెందుకు దిగాడు, నువ్వు వద్దన్నాక?"

"లారీ వచ్చి నిలబడింది. తొందరగా అవ్వాలని దిగుంటాడు. పొద్దున్న మా ఇంట్లోనే మరమరాలు తిని వచ్చాడు. మధ్యాహ్నానికి చేపల కూర అని మా ఆవిడ చెప్పింది."   నిరుపమ మాట మార్చి, పూజలో తాళాలకు ఏం చేస్తారని అడిగింది.

ఆ ప్రశ్న అతనికి వింతగా తోచింది. అయినా చెప్పాడు. ఈ ఫ్యాక్టరీలో పనిముట్టుకి నోరు ఎక్కడుంటే అక్కడ గంధం పెడతారు. పట్టకారు దవడల మధ్య, సుత్తి మొహాన, తాళానికైతే కొక్కెం దిగే రంధ్రంలో. ఏడాదంతా మన కోసం పనిచేసింది కదా, దేవుడితో పాటు దానికీ ఒక ముద్ద అని పాత మేస్త్రీలు పెట్టిన ఆనవాయితీ. ఆ గంధం కలిపేది పీతబాసే. అందులో ఈ ఫ్యాక్టరీ మట్టి, ఇటుకల మధ్య పెట్టేది, చిటికెడు వేస్తాడు.

"గాలి తగిలితే బిగిసిపోతుంది కదా ఆ మట్టి?" అంది నిరుపమ.

"రాయి అయిపోద్ది. విగ్రహం కదిలాక అన్నీ నీళ్లలో నానబెట్టి, సూదితో తీస్తాం. అదో పెద్ద పని" అన్నాడు పీతబాస.

నిరుపమ లేచి నిలబడింది. అడగవలసింది అయిపోయిందని అతనితో అనలేదు. ఆశ పెట్టి తర్వాత లాక్కోవడం ఆమెకు ఇష్టం ఉండదు. పద లోపలికి, అంది అంతే.

షెడ్డులో ముగ్గురున్నారు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ కైలాస్ తాంతి ఒక స్టూలు మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. మంచివాడే, కాకపోతే అందరికీ మంచివాడు. అదే చిక్కు. పక్కన పాణిగ్రాహి, తెల్లటి పంచె, పలచటి లాల్చీ, లోపల జంధ్యానికి కట్టిన తాళంచెవి కనిపిస్తోంది. మూడో మనిషి అభిమన్యు బహిదార్. ఆయన్ని చూడగానే నిరుపమ అడుగు ఒక్క క్షణం తడబడింది. ఒకప్పుడు ఆమెకు పై అధికారి. ప్రమాదం జరిగిన చోట మొదట నేల చూడాలి, తర్వాత చేతులు చూడాలి, మొహాలు చివర చూడాలి అని నేర్పింది ఆయనే. రిటైరయ్యాక ఇలాంటి కంపెనీలకు భద్రతా సలహాదారుగా తిరుగుతున్నాడు. ఈ ఫ్యాక్టరీ అంతా సవ్యంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది కూడా ఆయనే.

"రావమ్మా నిరూ. నిన్ను పిలవందే ఈ కేసుకి కళ రాదనుకున్నా" అన్నాడు బహిదార్.

"మీరు సర్టిఫికెట్ ఇచ్చారని తెలిసే వచ్చాను బహిదార్ బాబూ. మీ సంతకం ఉన్నచోట నాకు పని తగులుతూనే ఉంది ఈ మధ్య."

బహిదార్ నవ్వు చెరగలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. చట్టం పుస్తకం వల్లించడం తేలికనీ, నలభై కుటుంబాలకు కూడు పెట్టే ఫ్యాక్టరీని నిలబెట్టడం కష్టమనీ చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. ఆ నలభైలో ఒకటి ఈ వారం తగ్గింది కదా అని నిరుపమ గుర్తు చేసింది. తాంతి ఇద్దరినీ చూసి దగ్గి, పని చూసుకుందామన్నాడు.

ఆమె పని చూసుకుంది. మొదట నేల. తర్వాత మిక్సర్. అది మనిషి ఛాతీ ఎత్తు ఉండే ఇనుప గంగాళం. లోపల ఒకడు వంగి కూర్చుంటే బయటివాడికి కనపడడు. చూడాలంటే నాలుగడుగులు వేసి అంచు పట్టుకుని తొంగి చూడాలి. స్విచ్ బాక్సు గోడకు ఉంది. షెడ్డులో ప్రతి వస్తువుకీ గంధం, సిందూరం బొట్లున్నాయి. మోటారుకి, తూకం మిషన్‌కి, ఆఖరికి తట్టకి కూడా. స్విచ్ బాక్సుకి మాత్రం లేదు. ఎవరో తడిగుడ్డతో శుభ్రంగా తుడిచారు. మూడు రోజులుగా మట్టి పొడి రాలుతున్న షెడ్డులో ఆ ఒక్క చోటే మెరుస్తోంది.

ఇంకో సంగతి కూడా ఆమె కంట పడింది. నేల మీద నుంచి గోడ మీదకు, బాక్సు వెనక్కి చీమల బారు పోతోంది. ఇటుకల ఫ్యాక్టరీలో, ఇనుప డబ్బా వెనక చీమలకేం పని? ఆమె జడలోంచి పిన్ను తీసి సందులోకి దూర్చి గీకింది. చిన్న కొబ్బరి పెంకు ముక్క, లోపల ఎండిన కొబ్బరితో సహా కింద పడింది.

"ఎలకలు లాక్కొచ్చుంటాయి" అన్నాడు బహిదార్.

"ఉంటాయి. ఈ ఊరి ఎలకలకు గోడలెక్కడం కూడా వచ్చు కాబోలు" అని ఆ ముక్కను రుమాల్లో చుట్టుకుంది. పాణిగ్రాహి అటు చూడలేదు. రుమాలు ఆమె సంచీలోకి పోయేదాకా మరీ జాగ్రత్తగా చూడకుండా ఉన్నాడు. నిరుపమ దాన్నీ గమనించింది.

ఆమె అతని ముందుకొచ్చి నిలబడింది. అడగడానికి తనకు అధికారం లేదనీ, తాంతి గారు ఒప్పుకుంటే మూడే ప్రశ్నలనీ చెప్పింది. తాంతి తల ఊపాడు.

"పూజగది ఎప్పుడు తెరిచారు?"

"తెల్లవారగానే. నేనే తెరిచా. తాళాలన్నీ తీసి ఈ పీతబాస చేతిలో పెట్టా. మనుషుల ప్రాణాలు ముఖ్యమా, ఆచారం ముఖ్యమా? దేవుడికి నేను చెప్పుకుంటాలే అన్నా."

గోడవార కూర్చున్న పీతబాస నోరు తెరిచాడు. నిరుపమ చెయ్యెత్తి ఆపింది.

"ఆ గది తాళంచెవి ఇంకెవరి దగ్గరైనా ఉంటుందా?"

పాణిగ్రాహి జంధ్యాన్ని వేలితో పైకి లాగి చూపించాడు. "స్నానానికి పోయినా ఇది ఒంటి మీద నుంచి దిగదు. మా నాన్నగారి కాలం నుంచీ అంతే." ఆ మాట చెప్పడంలో కొంచెం గర్వం కూడా ఉంది.

"సరే. ఆ ఎర్ర తాళం స్విచ్ బాక్సుకి పడిందని మీకెలా తెలుసు?"

"చూశాను కాబట్టి తెలుసు. పొద్దున్న పని ఎలా మొదలుపెట్టారో చూద్దామని ఇటొచ్చా. తాళం వేసి ఉంది. లాగి కూడా చూశా. అప్పుడు నిశ్చింతగా ఆఫీసుకి పోయా. ఆ తర్వాత వీడు తీసుంటాడు."

"లాగి చూశారు. గట్టిగా పడి ఉంది."

"పడి ఉంది."

"రాసుకున్నారా తాంతి గారూ?" అంది నిరుపమ. తాంతి రాసుకున్నాడు.

బహిదార్ విసుగ్గా లేచాడు. ఇలా మాటలతో పొద్దు గడపడం కన్నా తాళం బయటికి తీసి, మూసి, పీతబాస జేబులో దొరికిన తాళంచెవితో తెరిచి చూపిస్తే అయిపోతుంది కదా అన్నాడు. ఆ తాళానికి ఆ తాళంచెవే పడుతుందని రుజువైతే ఇక వాదనేముంది? తాంతికీ అదే సబబనిపించింది. తాళం ఆ రోజే కొండీ నుంచి తీసి గుడ్డసంచీలో వేసి, లక్కతో సీలు వేసింది ఆయనే. అది మధ్యాహ్నం కాకముందు. పాణిగ్రాహి పూజగది తలుపులు అందరి ఎదుటా తీసి విగ్రహాన్ని కదిలించింది ఆ సాయంత్రం.

తాంతి సీలు తెంచి తాళాన్ని బహిదార్ చేతిలో పెట్టాడు. ఎర్ర రంగు తాళం, మీద తెల్ల అక్షరాల్లో పీతబాస పేరు, కొక్కెం పైకి లేచి ఉంది. బహిదార్ బొటనవేలు కొక్కెం మీద పెట్టాడు.

నిరుపమ ఆ బొటనవేలినే చూసింది. ఆ గంధం రాయిలా బిగిసుంటే సరే. బిగియకపోయి ఉంటే, ఆయన ఒక్కసారి నొక్కితే చాలు, పొడి పొడిగా రాలిపోతుంది. పీతబాస బతుకు కూడా దాంతోపాటే రాలిపోతుంది. పట్టుకుని ఆపితే, భయపడి ఆపిందంటారు.

"నొక్కండి బహిదార్ బాబూ" అంది మెల్లగా. "కాకపోతే మీరే నాకు నేర్పారు, చేతిలోకి తీసుకున్న వస్తువుని ముందు చూడాలని. ఒక్కసారి దాని నోట్లోకి చూసి నొక్కండి."

బహిదార్ ఆమె వైపు చూశాడు. తర్వాత తాళాన్ని వెలుతురుకి పట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి చూశాడు. చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లు ఫ్యాక్టరీల్లో తిరిగిన మనిషి, చూసింది ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. బొటనవేలు కొక్కెం మీద నుంచి మెల్లగా జారింది.

"ఏముంది అందులో?" అని తాంతి అడిగాడు.

బహిదార్ తాళాన్ని ఇంకా వెలుతురుకే పట్టుకుని ఉన్నాడు. చెప్పాలా వద్దా అన్నది ఆయన మొహంలో కొట్టుకుంటోంది. జీతమిచ్చే మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆ తటపటాయింపు పాణిగ్రాహికి కంగారు పుట్టించింది. ఏదో ఉంది తాళంలో. ఏదైనా సరే, తాళం మూస్తే పోతుంది. అంతవరకే ఆలోచించాడు. "ఇంత నాటకమెందుకండీ, తాళం మూయడం కూడా రాదా?" అంటూ బహిదార్ చేతిలోంచి లాక్కుని కొక్కెం నొక్కాడు.

తాళం పడలేదు.

మళ్లీ నొక్కాడు. అరచేత్తో నొక్కాడు. స్టూలు అంచుకి ఆనించి రెండు చేతులా బలం పెట్టాడు. కొక్కెం రంధ్రం అంచు దాకా వచ్చి, ఏదో గట్టి దానికి తగిలి ఆగిపోతోంది. నుదుట చెమట పట్టింది. షెడ్డు గుమ్మంలో పనివాళ్లు అప్పటికే నలుగురైదుగురు చేరారు. యజమాని తాళంతో కుస్తీ పడుతుంటే అందరూ చూస్తున్నారు.

"అది పడదు" అంది నిరుపమ. "పూజనాడు దాని నోట్లో పెట్టిన ముద్ద ఇంకా అక్కడే ఉంది. గంధంలో మీ ఫ్యాక్టరీ మట్టే కలిపారు, అందుకే రాయి అయింది. పూజ నుంచి ఇప్పటిదాకా ఈ తాళం ఒక్కసారి కూడా మూయలేదు. మూయని తాళాన్ని పీతబాస తీయనూ లేదు. మరి గట్టిగా పడి ఉందని లాగి చూశానన్నారే, ఏం లాగారు మాలిక్?"

పాణిగ్రాహి ఇంకోసారి కొక్కెం నొక్కి చూశాడు.

"ప్రమాదం అయ్యేదాకా ఇది దేవుడి ముందే ఉంది. అయ్యాక ఎవరో గది తెరిచి, తెచ్చి, తెరిచిన తాళం తెరిచినట్టే కొండీకి తగిలించారు. నియమం పెట్టాం, తాళం ఇచ్చాం అని చూపించడానికి. ఆ గది తాళంచెవి ఎవరి ఒంటి మీద నుంచి దిగదో మీరే చెప్పారు."

తాంతి రాస్తున్న చెయ్యి ఆగింది. అందరికీ మంచివాడైన ఆ మనిషి మొహం మొదటిసారి గట్టిపడింది. పనివాళ్ల దగ్గర ఒక్క తాళం కూడా లేదని తెలిసే పని మొదలుపెట్టించారా అని అడిగాడు. ఇక తెలియకుండా జరిగిందనే మాటకు చోటు లేదు, చట్టంలో ఆ సందు మూసుకుపోయినట్టే.

నిరుపమ ఇంకా పూర్తి చేయలేదు. సంచీలోంచి రుమాలు తీసి కొబ్బరి ముక్కను కాగితాల మీద పెట్టింది. పూజ జరిగింది ఆఫీసు పక్క గదిలో అయితే, ఇక్కడ కొబ్బరికాయ ఎవరు కొట్టారు? షెడ్డంతా బొట్లుంటే స్విచ్ బాక్సు ఒక్కటీ ఎందుకు తుడిచారు? అడిగింది కానీ ఎవరి పేరూ చెప్పలేదు. జవాబు తన నోటితో రావడం ఆమెకు ఇష్టం లేదు.

జవాబు బహిదార్ నుంచి వచ్చింది. ఆయన పాణిగ్రాహి వైపు కాక నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "పూజ తర్వాత తొలి స్విచ్ మాలిక్ చేత్తోనే వేయాలి. ఈ ప్రాంతంలో ఏ ఫ్యాక్టరీలోనైనా అంతే. కొబ్బరికాయ కొట్టి, బాక్సుకి బొట్టు పెట్టి, నొక్కుతారు. ఫోర్‌మన్ తొలి స్విచ్ ముట్టుకోడు. చంపినా ముట్టుకోడు." కాస్త ఆగి అన్నాడు, "ఇది నాకు ఆ రోజే తట్టాల్సింది. తట్టిందేమో కూడా. నేనే తోసేశా."

తాంతి లేచి నిలబడ్డాడు. "పాణిగ్రాహి గారూ. నొక్కేముందు లోపల మనిషి ఉన్నాడేమో చూశారా?"

పాణిగ్రాహి చేతిలో తాళం ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. "ముహూర్తం దాటిపోతోందని పంతులు ఫోన్ చేశాడు" అన్నాడు.  "పక్కదారిన గబగబా వచ్చా. లోపల ఎవడో ఉన్నాడని నాకెవరూ చెప్పలేదు."

పీతబాస గోడను ఆనుకుని లేచాడు. మూడు రోజులుగా ఎవరూ అతన్ని మాట్లాడనివ్వలేదు, ఇప్పుడెవరూ ఆపలేదు.

"చెప్పడానికే కదా బాబూ, మీ గది ముందు నిలబడ్డా" అన్నాడు.

గుమ్మంలో పనివాళ్లు ఎవరూ కదల్లేదు.  నిరుపమకు గెలిచానన్న సంతోషం ఎంత వెతికినా దొరకలేదు. పిలిచినా పలకని ఖాళీ గది ముందు ఒకడు వినయంగా నిలబడ్డాడు. ఆ గదిలో ఉండాల్సినవాడు ఇక్కడ కొబ్బరికాయ కొట్టాడు. ఇద్దరూ దారిలో ఎదురుపడినా సనాతన్ బతికేవాడు.

పనివాళ్లను తోసుకుంటూ కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. బయట ఎండలో నిలబడి నిలబడి విసిగినట్టున్నాడు. కాగితం అయిందా సార్, ఫోర్‌మన్‌ని ఎక్కించమంటారా అని అడిగాడు.

తాంతి ముందున్న ఫిర్యాదు కాగితాన్ని రెండుగా మడిచి పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకున్నాడు.

"జీపు ఉంచు" అన్నాడు. "పేరే మారుతుంది."